ఆరు వందల పదకొండు ముడులు

మా ఊరి నుంచి కొత్తవలస అవతలి దాకా వెళ్ళి ఆరో రోజున తిరిగొచ్చాను. సెలవులకి ఎవరూ వెళ్ళే దారి కాదది. వెళ్ళేటప్పుడు ఇద్దరం, వచ్చేటప్పుడూ ఇద్దరమే. ఊళ్ళో గొడవంతా ఆ రెండో లెక్క మీదే. నేను ఒక్కడినే రావాల్సింది.

తిరిగొచ్చి ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. నన్ను తప్పు పట్టిన వాళ్ళలో ఎవరూ ఆ దారి వెళ్ళలేదు. కాబట్టి వాళ్ళ కోసమే రాస్తున్నాను. నాకు మాటల కన్నా అంకెలు అలవాటు. అంకెలు ఎక్కువయ్యాయని ఎవరైనా అంటే అననివ్వండి, తగ్గించను.

ఊరు

నరసన్నపేటకి తూర్పున, ఇసుక మొదలయ్యే చోట మా ఊరు. నాకు యాభై మూడేళ్ళు. ఏడో తరగతితో బడి మానేశాను. ఎవరైనా కొత్త వల కట్టించుకోవాలంటే ముందు నా దగ్గరికి వస్తారు. ఎన్ని బారల వల, ఎన్ని కళ్ళు, ఎంత దారం, ఎన్ని బెండ్లు, ఎంత సీసం అన్నీ కాగితం లేకుండా చెబుతాను. ఈ లెక్కలు నాకు నేర్పింది మా నాన్న చేతిలో తాడు. పెద్ద వల లాగే రోజుల్లో ఒడ్డుకి చేరిన ప్రతి గంపకీ తాడు మీద ఒక చిన్న ముడి, పది గంపలైతే ఒక పెద్ద ముడి వేసేవాడు. సాయంత్రం కళ్ళు మూసుకుని వేళ్ళతో చదివేవాడు. ఒకరు వేసిన ముడిని ఇంకొకరు విప్పకూడదు, కొయ్యకూడదు. మా వలల పాకలో ఇప్పటికీ అదే నియమం. నాన్న నాకు నేర్పాడు. నేను మా అప్ప కొడుకు, నా మేనల్లుడు ఎర్రయ్యకి నేర్పాను.

ఎర్రయ్యకి ముప్పై నాలుగేళ్ళు. ఏటా ఆగస్టులో గుజరాత్ వైపు, వెరావల్ రేవుకి వెళ్తాడు. మా ఊరి మగాళ్ళలో సగం మంది అంతే. సముద్రం మా గుమ్మం ముందే ఉంది, పని మాత్రం ఇంకో సముద్రంలో ఉంది. అందరూ ఏప్రిల్లోనో మే నెలలోనో గుంపుగా వస్తారు. ఎర్రయ్య ఈసారి జనవరిలోనే, ఒక్కడే దిగాడు. సంచి లేదు. ఒంటి మీద చొక్కా ఎవరిదో. ఎడమ మణికట్టుకి నీలం వలదారం చుట్టలు చుట్టలుగా ఉంది, దాని నిండా ముడులే. పడుకోడు. ఉన్నట్టుండి లేచి, లేని వలని లాగుతాడు. ఒకసారి అలా లాగుతూ దండెం మీద చీరల్ని లాగి, తర్వాత ఉయ్యాల తాడు పట్టుకున్నాడు. ఉయ్యాలలో మూడు నెలల పిల్ల ఉంది. ఆ మధ్యాహ్నమే అతని పెళ్ళాం పిల్లనెత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది.

ఐదు నెలలు చూసి ఊరి పెద్దలు కూర్చున్నారు. పెద్ద సూరయ్యకి డెబ్భై దాటాయి. ఆయన కూడా వయసులో ఉన్నప్పుడు పదకొండు సీజన్లు వెరావల్ వెళ్ళొచ్చిన మనిషి.

"సిల్లంగిరా అది, సేతబడి," అన్నాడు. "ఆ పడమటోళ్ళు ఈడి సేతికి తాడు కట్టి పంపినారు. ముట్టుకున్నోడికి కూడా అంటుకుంటాది. కొత్తవలస దాటినాక ఒక తోట ఉన్నాది. అక్కడ సామి నలభై రోజులు కట్టీసి ఉంచుతాడు, గాలి దిగిపోతాది. తీసుకెళ్ళి ఒగ్గేసి రా."

"దిగకపోతే?"

"దిగకపోతే అక్కడే ఉంటాడు. ఊళ్ళో ఆడపిల్లలున్నారు, పసిపిల్లలున్నారు. నువ్వు మేనమావవి, నువ్వే ఎల్లాల."

మా అప్ప నా చెయ్యి పట్టుకుంది. "తమ్ముడా, నానెల్లి ఒగ్గలేను. నువ్వే ఒగ్గేసి రా. ఒగ్గీసినానని మాత్రం నాకు సెప్పకు."

సరే అన్నాను. ఇది దాచను. అందరి ముందూ సరే అన్నాను.

నరసన్నపేట

పొద్దున్న ఆరూ పదికి, ఊరి చివర ఆటో కోసం నిలబడినప్పుడు ఎర్రయ్య వల లాగాడు. రెండు నిమిషాలు లాగి మానేశాడు. నేను గడియారం చూసుకున్నాను. నాకది అలవాటు, ఆ పూటకి అందులో అర్థమేమీ లేదు.

నరసన్నపేట బస్టాండులో ఇడ్లీ ముప్పై రూపాయలు, పక్కన బొంబాయి చట్నీ. మా ఇంట్లో పొద్దున్న చోడి అంబలి, అంటే రాగి జావ, ఎండు చేప ముక్క. ఎర్రయ్య ఇడ్లీని విరిచి, లోపల ఏమైనా ఉందేమోనని చూసి, తిరిగి మూసి పెట్టేశాడు. అంబలి అడిగితే కొట్టువాడు నవ్వాడు.

"అంబలి ఇంట్లో తాగాల బాబూ. ఇక్కడ హైవే."

తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. వలలో కళ్ళు లెక్కపెట్టగల మనిషిని, బోర్డు చూడకుండా బస్సెక్కాను. నాలుగు కిలోమీటర్లు పోయాక ఎండ ఎడమ వైపు నుంచి పడాల్సింది కుడి వైపు నుంచి పడుతోందని అనుమానమొచ్చింది. అది టెక్కలి బస్సు. కండక్టరు విజిల్ ఊదాడు.

"శ్రీకాకులం అటు బాబూ. తల నెరిసింది, బోర్డు సూడవేటి?"

రోడ్డు పక్కన దిగి, ఎదురు బస్సు కోసం నలభై నిమిషాలు నిలబడ్డాం. ఎర్రయ్య నా వెనకే, మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. నేను కదిలితే కదిలేవాడు, ఆగితే ఆగేవాడు. వాణ్ణి ఎక్కడికి తీసుకెళ్తున్నానో వాడు ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నాగావళి వంతెన

శ్రీకాకుళంలో బస్సు మారాం. విజయనగరం బస్సు వంతెన మీదికి వచ్చింది. కింద ఇసుక మధ్య పాయగా నీళ్ళు. ఎర్రయ్య సీట్లోంచి లేచి, కాళ్ళు ఎడంగా పెట్టి, బస్సు ఊపుకి తగ్గట్టు ఒళ్ళు వంచి లాగడం మొదలుపెట్టాడు. ముందు సీటు కుర్రాడు ఫోను తీశాడు. వెనక నుంచి ఒకాయన అరిచాడు.

"ఒరే, ఏటి పడ్డాయిరా? మాకూ రెండు సందువా సేపలు పడీ!"

బస్సంతా నవ్వింది. నేను ఎర్రయ్య నడుం పట్టుకుని కూర్చోబెట్టబోయాను. ముప్పై నాలుగేళ్ళ చేపల మనిషి బలం నాకు ఎక్కడిది?

ఎండు చేపల గంప కాళ్ళ దగ్గర పెట్టుకున్న ఒకావిడ లేచింది. అరవై ఏళ్ళుంటాయి. ముందు ఆ వెనకాయన వైపు తిరిగింది.

"నవ్వు, బాగా నవ్వు. నా కొడుకు సూరత్ మగ్గం కాడి నుంచి ఇలాగే వొచ్చినాడు. నీ కొడుకు ఎక్కడ పనిసేస్తన్నాడో ఒకసారి ఫోను సేసి కనుక్కో." తర్వాత ఎర్రయ్య భుజం మీద తట్టి, మామూలు గొంతుతో చెప్పింది. "వల పైకొచ్చీసింది బాబూ. ఇంక కూకో."

ఎర్రయ్య కూర్చున్నాడు. కుడి చెయ్యి ఎడమ మణికట్టు మీదికి వెళ్ళింది, వేళ్ళు కాసేపు తచ్చాడాయి. గోక్కుంటున్నాడనుకున్నాను.

"నీ కొడుకు ఇప్పుడెలాగున్నాడమ్మా?" అని అడిగాను.

"మందు మింగితన్నాడు. మగ్గం సప్పుడులాగ ఇంట్లో ఏటి మోగినా లేచిపోయేవోడు. మిక్సీ అమ్మీసినాను, రోట్లో రుబ్బుతన్నాను."

అప్పుడు టైము పదీ పది. ఆరూ పది, పదీ పది. టికెట్ వెనక రాసుకున్నాను.

విజయనగరం

విజయనగరంలో భోజనం తొంభై రూపాయలు. మా వైపు అన్నంలోకి ముందు చేపల పులుసు, ఉంటే. ఇక్కడ ముందు పప్పు, మీద నెయ్యి, తర్వాత మిగతావన్నీ వరసగా వచ్చాయి. ఎర్రయ్య నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదో ముద్ద చేతిలో ఉండగానే లేచాడు.

వడ్డించేవాడు కంగారు పడ్డాడు. "ఏటి బాబూ, కూర బాగోలేదా?"

"వల పైకొచ్చీసింది అల్లుడా, కూకో," అన్నాను నేను. ఆవిడ గొంతు నాకు రాలేదు కానీ మాట పని చేసింది. కూర్చున్నాడు. వేళ్ళు మళ్ళీ మణికట్టు మీదికి వెళ్ళాయి.

గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది.

మూడుసార్లు, మధ్యలో సరిగ్గా నాలుగేసి గంటలు. గాలో, దెయ్యమో గడియారం చూసుకుని వస్తుందా? ఇంత లెక్కగా నడిచేదాన్ని పిచ్చి అనడం నాకు కష్టంగా ఉంది. అయినా అప్పటికీ వెనక్కి తిరగలేదు. ఊళ్ళో సరే అన్న మాట నన్ను ముందుకి తోస్తోంది. రాత్రికి స్టేషను దగ్గర సత్రంలో ఉన్నాం. నేను పడుకుని లేచాను. లేచేసరికి వాడు గోడకి ఆనుకుని, నేను పడుకోక ముందు ఎలా కూర్చున్నాడో అలాగే ఉన్నాడు.

కొత్తవలస

పొద్దున్న పాసింజరెక్కి కొత్తవలసలో దిగాం. ఇక్కడి నుంచి కిరండూల్ లైను విడిపోయి కొండల్లోకి వెళ్తుంది. ఎర్రటి ఇనప రాయి మోసే వ్యాగన్లు ఆగి ఉన్నాయి. నేను యాభై ఎనిమిది లెక్కపెట్టాను.

స్టేషను బయట పునుగులు వేస్తున్న ఆవిడ దగ్గర ఆగాం. పొట్లం ఇరవై. ఆవిడ మమ్మల్ని ఒకసారి చూసి, చూపు నూనె మీదికి తిప్పుకుంది.

"తోటకేనా?"

"నీకెలా తెలుసమ్మా?"

"ఇద్దరు దిగి, ఒకడు ముందు, ఒకడు ఎనకాల నడిస్తే తోటకే. సాయంత్రం బండికి ఒకడే వొస్తాడు. వొచ్చినోడు నా కాడ ఆగడు. తలకాయొంచుకుని ఎల్లిపోతాడు."

పునుగుల పొట్లం ఎర్రయ్య చేతిలో పెట్టేశాను.

జీడిమామిడి తోట

ఆటోలో అరగంట. ఎర్రమట్టి గట్టు, జీడిమామిడి చెట్లు, ఒక రేకుల షెడ్డు. సామి అంటే నేను భయపడినంత మనిషేమీ కాదు. పొట్టిగా, తెల్ల లుంగీతో, ఎవరి పేరు వాళ్ళనే అడిగి తెలుసుకునే మనిషి. వంట వాసన బాగానే ఉంది. కానీ ప్రతి చెట్టు మొదట్లో ఒక మనిషి, మనిషి కాలికి గొలుసు. పదకొండు మంది. ఒక గొలుసుకి లంకెలు లెక్కపెట్టాను, ఒక్కోటి నాలుగంగుళాలు, ఇరవై ఏడు. అంటే వాళ్ళకి ఈ భూమ్మీద మిగిలింది మూడు గజాలు.

సామి విబూది తేవడానికి లోపలికి వెళ్ళగానే నేను చెట్టు చెట్టుకీ వెళ్ళి ఒకే ప్రశ్న అడిగాను. "పనికి ఎక్కడికెళ్ళినావు బాబూ?" చెన్నైలో సెంట్రింగు. హైదరాబాదులో అపార్టుమెంటు కాపలా. సూరత్. మళ్ళీ చెన్నై. ఇద్దరు మాట్లాడలేదు, ఒకతను ఎక్కడికీ వెళ్ళలేదన్నాడు. మిగిలిన ఎనిమిది మందీ ఇల్లు వదిలి పనికి వెళ్ళినవాళ్ళే.

ఎనిమిదో మనిషి ఒకామె. ఇటికల బట్టీ నుంచి తెచ్చి వదిలారట. ముందుకీ వెనక్కీ ఊగుతూ ఒకే మాట గొణుగుతోంది. "మంత్రం సదువుతాది రోజంతా," అన్నాడు అక్కడి వంటవాడు. దగ్గరికెళ్ళి విన్నాను. "ఘరకు జిబి, ఘరకు జిబి." మా వైపు ఒరియా రోజూ చెవిన పడేదే. ఇంటికెళ్తాను, ఇంటికెళ్తాను అంటోంది. "ఖాయిలా?" అన్నాను. తిన్నావా అని. ఆమె ఊగడం ఆపి నా మొహంలోకి చూసింది. ఎన్నాళ్ళైందో ఆమెని ఎవరైనా ఆమె భాషలో పలకరించి!

ఇంతలో సామి వచ్చాడు. ఎర్రయ్యని షెడ్డు నీడలో కూర్చోబెట్టి, ఎడమ చెయ్యి పట్టుకుని, బ్లేడు తీశాడు.

"ముందు ఈ తాడు తెంపి కాల్చాలి. అంతా దీన్లోనే ఉంది."

ఐదు నెలలుగా మాతో సరిగ్గా ఒక్క మాట మాట్లాడని ఎర్రయ్య అప్పుడు అరిచాడు.

"మావా! లెక్క! లెక్క తెంపీస్తన్నాడు మావా!"

నేను పరిగెత్తి ఆ మణికట్టు పట్టుకున్నాను. చిల్లంగి అంటుకుంటుందని ఐదు నెలలుగా ఎవరూ ముట్టుకోని తాడు అది. ఎవరూ అంటే నేను కూడా. నా బొటనవేలు దాని మీద పడింది. చిన్న ముడి, చిన్న ముడి, చిన్న ముడి. ఆరు చిన్నవి, ఒక పెద్దది. ఆరు చిన్నవి, ఒక పెద్దది. చదవడం నాకు వచ్చు. వాడికి నేర్పింది నేనే. కళ్ళెదురుగా ఉన్న ఉత్తరాన్ని ఐదు నెలలు విప్పకుండా ఉంచిన వాణ్ణి నేను.

"సిన్న ముడి ఏటిరా?"

"వల పైకొచ్చింది మావా."

"పెద్దది?"

"తొంగున్నాను."

ట్రాలరు పడవ మీద నాలుగు గంటలకొకసారి వల తీస్తారు, రాత్రీ పగలూ. రోజుకి ఆరు వలలు, మధ్యలో ఒక నిద్ర.

నేను లేచి నిలబడి, ఎర్రయ్యని లేపాను. సామికి కోపం రాలేదు, జాలి పడ్డాడు. "పెద్దలు చెప్పి పంపారు కదా. నలభై రోజులే. దెయ్యం పోతే నిద్ర అదే వస్తుంది."

"నిద్దరొస్తే దెయ్యమే పోతాదేమో, ముందు అది సూస్తాను సామీ. మీ గొలుసు మీ కాడే ఉంచండి. కుదిరితే మిగతా పదకొండూ విప్పీండి."

"బాధ్యత నీదే మరి."

"నాదే. మొదట్నుంచీ నాదే."

ఎర్రయ్య నాకు ముందు నడిచాడు. గట్టు దిగే వరకూ వెనక్కి చూడలేదు. నేను చూశాను. ఆమె మళ్ళీ ఊగుతోంది.

స్టేషను దగ్గర పునుగుల ఆవిడ మమ్మల్ని దూరం నుంచే చూసింది. గరిటె నూనెలోనే వదిలేసి నిలబడింది.

"ఓలమ్మో, ఇద్దరొచ్చినార్రా!" అని పక్క కొట్టువాడిని కేకేసింది. "ఇటు రా బాబూ, ఇయ్యాల నా కాడ టీ తాగకుండా ఎల్లడానికి నేదు."

తాగాం. ఎర్రయ్య రెండు కప్పులు తాగాడు.

రైల్లో

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని తాడు విప్పించాను. విప్పింది వాడే, నేను ముట్టుకోలేదు. సాగదీస్తే నాలుగున్నర బారలు. ఇద్దరం రెండు చివరలూ పట్టుకున్నాం. ఎదుటి సీటువాళ్ళు మమ్మల్ని చూసి జరిగి కూర్చున్నారు. జరగనిచ్చాను.

చిన్న ముడులు ఆరు వందల పదకొండు. రోజుకి ఆరు లెక్కన, నూట రెండు రోజులకి ఒక్క వల తక్కువ. పెద్ద ముడులు డెబ్భై నాలుగు. అంటే నూట రెండు రోజుల్లో డెబ్భై నాలుగు నిద్రలు. మొదటి ట్రిప్పులో ఆరుకొకటి తప్పకుండా ఉంది. తర్వాత ట్రిప్పుల్లో తొమ్మిదికొకటి, పదకొండుకొకటి. ఒకచోట పదిహేడుకొకటి.

"ఎందుకురా ఇలాగైపోయింది?"

"ఏడుగురం మావా. ఒకడు జొరమొచ్చి దిగిపోనాడు, ఇంకొకడు సెప్పకుండా పారిపోనాడు. ఐదుగురం మిగిలినాం. తండేలు మనిషిని తెస్తానన్నాడు, తేనేదు. ఆడి మాట మాకు రాదు, మా మాట ఆడికి రాదు. తొంగుంటానని సైగ సేస్తే ఆడూ సైగ సేసినాడు." వాడు చెయ్యెత్తి, తండేలు, అంటే పడవ నడిపే పెద్ద, చేసిన సైగ ఏమిటో చూపించాడు. చెంప దెబ్బ.

మధ్యలో నాలుగు చోట్ల ముడిలో ఎర్ర పోగు ఉంది.

"ఇంటికి ఫోను," అన్నాడు. మూడో పోగు దగ్గర వేలు ఆపాడు. "ఇక్కడ ఆడగుంట పుట్టినాదని సెప్పినారు. అప్పటికే దానికి పన్నెండు రోజులు."

చివరి ముక్కకి వచ్చాం. చిన్న ముడి, చిన్న ముడి, చిన్న ముడి. పెద్దది వస్తుందని నా వేళ్ళు ఎదురుచూస్తూనే ఉన్నాయి. ముప్పై ఒకటి. ఐదు రోజుల మీద నాలుగు గంటలు. తర్వాత జానెడు ఉత్త దారం.

"ఇక్కడేటైంది?"

"తెలవదు మావా. ఇంకా లాగుతన్నాననుకున్నాను."

ఆసుపత్రి

ఆసుపత్రి ఏ ఊళ్ళోదో, పేరేమిటో రాయను. మూడో రోజు పొద్దున్న మా టోకెను అరవై నాలుగు. డాక్టరమ్మ చిన్నది, మా పెద్దమ్మాయి వయసుంటుంది. అచ్చు కాగితం మీద ప్రశ్నలు చదువుతూ నింపుతోంది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా? తాగుడుందా? చెవిలో మాటలు వినిపిస్తాయా? ఎప్పటి నుంచి? అన్నీ మంచి ప్రశ్నలే, అన్నిటికీ జవాబు చెప్పాను.

తాడు చూసి ఆమె అంది. "ఇలా అదే పనిగా ముడులు వేయడం కూడా జబ్బులో భాగమేనండీ. తీసేయడం మంచిది."

"అమ్మా, మీ కాగితంలో ఒక ప్రశ్న తక్కువుంది," అన్నాను. "మనిషి ఎక్కడ పని చేశాడు, ఎన్ని గంటలు పని చేశాడు, ఎన్ని పూటలు పడుకున్నాడు, ఎవరితో మాట్లాడాడు అని లేదు. ఆ కాగితం మీరు చదివారు. ఇది కూడా చదవండి."

బల్ల మీద తాడు పరిచాను. వెనక అరవై ఐదో టోకెను మనిషి విసుక్కున్నాడు, విసుక్కోనిచ్చాను. చిన్నదేమిటో, పెద్దదేమిటో, ఎర్ర పోగేమిటో చెప్పాను. ఆమె మొదట మర్యాద కోసం చూసింది. చివరి ముప్పై ఒకటిని పెన్ను కొనతో తానే లెక్కపెట్టింది. ఒకసారి పెట్టి, నమ్మక మళ్ళీ పెట్టింది.

"నిద్ర లేకపోవడం ఒక్కటే కారణమని నేను రాయలేనండీ," అంది. "అలా తేల్చి చెప్పలేం. మందులు కావాలి. నెలలు వాడాలి, మధ్యలో ఆపకూడదు."

"వాడతాం. కారణం రాయమనడం లేదు. జరిగింది రాయండి."

రాసింది. ఇంగ్లీషులో రాసింది కనుక తెలుగులో చదివి వినిపించమన్నాను. సముద్రం మీద నూట రెండు రోజులు, డెబ్భై నాలుగు నిద్రలు, చివర ఐదు రోజులు నిద్ర లేదు, భాష తెలిసిన తోడు లేదు, కొట్టారు. చదివాక పెన్ను మూసి మళ్ళీ తెరిచి ఇంకొక్క మాట కలిపింది. "మళ్ళీ అదే పడవ ఎక్కితే నా మందులు కూడా ఓడిపోతాయి. ఇది మీకు చెబుతున్నాను."

మూడు రాత్రులు అక్కడే ఉంచుకున్నారు. మొదటి రాత్రి ఎర్రయ్య పదకొండు గంటలు నిద్రపోయాడు. రెండో రోజు మధ్యాహ్నం రెండూ పదికి లేచి ఒకసారి లాగాడు. మూడో రోజు లాగలేదు. నయమైపోయిందని నేను రాయడం లేదు. నిద్రపోయాడని రాస్తున్నాను.

తోట గురించీ, ఆ ఒరియా మనిషి గురించీ డాక్టరమ్మకి చెప్పాను. మనుషులకి గొలుసు వేయడానికి చట్టం ఒప్పుకోదంది. దారి రాసుకుంది, ఒరియా తెలిసిన వాళ్ళని తీసుకుని వెళ్ళేలా చూస్తానంది. వెళ్ళారో లేదో ఇంకా తెలియలేదు. వారానికొకసారి ఫోను చేసి అడుగుతున్నాను. విసుక్కుంటే విసుక్కోనీ.

తిరుగు బస్సు

ఆరో రోజు బోర్డు రెండుసార్లు చదివి బస్సెక్కాను. నాగావళి వంతెన రాగానే ఎర్రయ్య చొక్కా పట్టుకుని కూర్చున్నాను. వాడు కిటికీలోంచి కిందికి చూశాడు.

"మావా, నీరు బాగా తగ్గిపోనాది."

"తగ్గినాది."

"సొక్కా ఒగ్గు, సిరిగిపోతాది."

వదిలాను. శ్రీకాకుళంలో పనస తొనలు కొన్నాం, పది తొనలు నలభై రూపాయలు. అప్పకి నాలుగు ఉంచి మిగిలినవి వాడే తిన్నాడు.

మళ్ళీ ఊరు

మేం దిగేసరికి కబురు ముందే చేరింది. వలల పాకలో ఇరవై మంది దాకా ఉన్నారు. పెద్ద సూరయ్య మధ్యలో కూర్చుని ఉన్నాడు. అప్ప పరిగెత్తుకొచ్చి, కొడుకుని ముట్టుకోవచ్చో లేదో తెలియక నా భుజం పట్టుకుని నిలబడింది.

"నలభై రోజులన్నాం," అన్నాడు సూరయ్య. "ఆరో రోజుకే తెచ్చీసినావు. ఊరికంతా లెక్కలు సెప్పే మనిషివి, నీకు ఆరుకీ నలభైకీ తేడా తెలవదేటి?"

"తెలిసే తెచ్చినాను పెద్దా."

"ఊరి మాట కాదన్నావు."

"కాదన్నాను. ఇంకా కాదంటాను."

ఎర్రయ్య తాడు విప్పాడు. పాకలో ఈ రాట నుంచి ఆ రాట దాకా కట్టాం. కొందరు వెనక్కి జరిగారు. నేను గొంతెత్తాను.

"సిల్లంగి కాదిది, మన గంపల లెక్కే. సిన్నది వల, పెద్దది నిద్దర. ఆగస్టులో కొడుకుల్ని, తమ్ముళ్ళని బండెక్కించేవోళ్ళు ఒకసారి దీన్ని సేత్తో పట్టుకుని సూసి, అప్పుడెక్కించండి. నాను నాలుగు రోజులు పట్టుకున్నాను, నాకేటీ అంటుకోనేదు. అంటుకోవాల్సింది ఒకటుంది, అది అంటుకుంటే మంచిదే."

"పిచ్చోడి తాడు పట్టుకుని సదవమంటన్నాడు," అన్నారెవరో. ఎవరో నవ్వారు.

సూరయ్య లేచాడు. తాడు తెంపేస్తాడేమోనని నేను అడ్డం వెళ్ళబోయాను. ఆయన మొదటి రాట దగ్గర నిలబడి, రెండు వేళ్ళ మధ్య తాడు పట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. పదకొండు సీజన్ల వేళ్ళు అవి. ఆరు, పెద్దది. ఆరు, పెద్దది. పెదవులు కదులుతున్నాయి. ఎర్ర పోగు దగ్గర ఆగితే ఎర్రయ్య చెప్పాడు, ఇంటికి ఫోనని. తలూపి ముందుకి నడిచాడు. తొమ్మిది, పెద్దది. పదకొండు, పెద్దది. పదిహేడు దగ్గర ఆయన నడక నెమ్మదించింది. పాకలో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. చివరి ముక్కలో అడుగులో అడుగు వేశాడు. ఇరవై. ఇరవై ఐదు. ముప్పై. ముప్పై ఒకటి. తర్వాతి ముడి కోసం ఆయన వేళ్ళు ఉత్త దారం మీద జారి, జారి, రాటకి తగిలాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ వెతికాడు. లేదు.

కళ్ళు తెరిచాడు.

"మా కాలంలో," అన్నాడు, "పన్నెండు దాటితే తండేలుని కొట్టీవోళ్ళం."

ఎర్రయ్య వెళ్ళి రాట నుంచి ఆ చివర విప్పాడు. ఆసుపత్రి రాత్రులు మూడింటికీ పెద్ద ముడులు వెయ్యాలి. ముడి గట్టిగా పడాలంటే ఇంకొకరు దారాన్ని బిగించి పట్టుకోవాలి. వాడు నా వైపు చూశాడు. నేను కదిలేలోపే సూరయ్య చెయ్యి చాచాడు.

ఒకటి. రెండు. మూడు.

మూడూ పడే దాకా ఆ ముసలి చేతులు దారాన్ని బిగించి పట్టుకునే ఉన్నాయి.